చెక్క, రాయి, ఇత్తడి ఎన్నైనా కలపండి, కానీ ముందు లైట్లు తేల్చుకోండి

కొత్త ఫ్లాట్ హాల్లో టీవీ గోడకు మార్బుల్ షీట్, పక్కన చెక్క ప్యానెల్, మధ్యలో గోల్డ్ స్ట్రిప్ పెడదామంటున్నారు, ఇన్ని కలిస్తే బాగుంటుందా, లైట్లు ఎన్ని పెట్టించాలి అని మీరు అడిగారు. కలపొచ్చు. ఎన్ని రకాలు కలిపారన్నది అసలు సమస్యే కాదు. వాటిని రాత్రిపూట ఏ లైటు కింద చూస్తారన్నదే సమస్య. నేను చూసిన ఇళ్లన్నిటిలో లామినేట్లు, టైల్స్ నెలల తరబడి ఎంచుతారు, లైట్లు మాత్రం చివరి వారంలో ఎలక్ట్రీషియన్‌కి వదిలేస్తారు. ఇది పూర్తిగా తలకిందుల పద్ధతి.

నిజాంపేటలో మా ఫ్లాట్ చేయిస్తున్నప్పటి సంగతి చెబుతాను. తెనాలి దగ్గర మా తాతగారి పెంకుటిల్లు తీసేసినప్పుడు నాన్న వీధి గుమ్మం టేకు తలుపులు రెండూ దాచి ఉంచారు. వాటిని హాల్లో ఒక గోడకు బిగించి, కింద తాండూరు నాపరాయితో బెంచీ కట్టించి, దాని మీద అమ్మ ఇత్తడి బిందెలు పెట్టాలని మా కోరిక. డిజైనర్ అప్పటికే సీలింగ్ నిండా 6500 కెల్విన్ తెల్ల డౌన్‌లైట్లు వరసగా పెట్టించేశాడు. అందరూ ఇవే వేయించుకుంటారు, ఇల్లు వెలిగిపోతుంది అన్నాడు. కెల్విన్ అంటే వెలుతురు రంగు లెక్క, అంకె తగ్గేకొద్దీ పసుపు వైపు, పెరిగేకొద్దీ నీలి తెలుపు వైపు పోతుంది.

పగలు బాల్కనీ వెలుతురులో ఆ తలుపులు తేనె రంగులో ఉన్నాయి. సాయంత్రం లైట్లు వేసేసరికి టేకు బూడిద రంగుకు తిరిగింది. ఇత్తడి పాలిపోయింది. నాపరాయి సిమెంటు గచ్చులా కనిపించింది. అమ్మ దగ్గరికి వెళ్లి చూసి, "పాలిష్ పెట్టినవాళ్లు తలుపులు మార్చేశారేమోరా, ఇవి మనవి కావు" అంది. డిజైనర్ చెప్పిన ఉపాయం ఏమిటంటే టేకు మీద ముదురు వాల్‌నట్ రంగు వేయడం! అంత వయసున్న టేకు మీద రంగు వేయనిచ్చేది లేదని గట్టిగా చెప్పాను.

అప్పుడు ఎలక్ట్రీషియన్ కుర్రాడు ఏమీ మాట్లాడకుండా ఒక హోల్డర్‌కి వైరు కట్టి, అందులో 3000 కెల్విన్ బల్బు పెట్టి, సీలింగ్ లైట్లన్నీ ఆపేశాడు. ముందు బల్బును తలుపులకు ఎదురుగా పట్టుకున్నాడు. రంగు తిరిగి వచ్చింది కానీ తలుపులు చదునుగానే ఉన్నాయి. తర్వాత స్టూలెక్కి, గోడకు అరడుగు దూరంలో పైనుంచి కిందికి వెలుతురు పడేలా పట్టుకున్నాడు. చెక్కిన పువ్వుల కింద నీడలు పడ్డాయి, టేకు చారలు, ఉలి దెబ్బలు అన్నీ పైకి తేలాయి. మామిడి తోరణం కట్టడానికి కొట్టిన మేకు చిల్లు కూడా కనిపించింది. అమ్మ ఆ చిల్లు మీద వేలు పెట్టి "ఇది మన తలుపే" అంది. అదే బల్బును అతను పక్కన పెయింట్ గోడ వైపు జరపగానే లప్పం ఎగుడుదిగుళ్లన్నీ బయటపడ్డాయి. గరుకు రాయికి, చెక్కిన పనితనానికి లైటు గోడకు ఆనుకుని ఉండాలి. నున్నటి గోడకు దూరంగా ఉండాలి. ఈ ఒక్క విషయం తెలిస్తే సగం పని అయినట్టే.

ఆ మర్నాడే డౌన్‌లైట్లలో సగం తీయించి, మిగిలినవి 3000కి మార్పించాం. వంటగదిలో 4000 పెట్టాం, కూరగాయలు తరిగే చోట అది హాయిగా ఉంటుంది. 3000 అంటే మసక అని చాలామంది భయపడతారు. అది నిజం కాదు. వెలుతురు ఎంతన్నది ల్యూమెన్లను, అంటే బల్బు ఇచ్చే వెలుతురు కొలతను బట్టి ఉంటుంది, రంగును బట్టి కాదు. నాన్న పేపరు చదవడానికి సీలింగ్ నిండా లైట్లు అక్కర్లేదు, కుర్చీ పక్కన ఒక మంచి దీపం చాలు. సీలింగ్, గోడ, కుర్చీ పక్క దీపం, మూడింటికీ విడివిడి స్విచ్‌లు ఉండాలి. డబ్బా మీద సిఆర్ఐ, అంటే లైటు రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో వందకు వేసే మార్కు, 90 పైన ఉందో లేదో కూడా చూడండి. అది తక్కువైతే ముందు దెబ్బతినేది ఎరుపే. మా చెల్లి పోచంపల్లి చీర మెరూన్ రంగు వాళ్లింటి చవక లైట్ల కింద గోధుమ రంగులో కనిపిస్తుంది. అంత ఖరీదు పెట్టి చీర కొని, బల్బు దగ్గర వంద రూపాయలు మిగుల్చుకోవడం ఏమిటో నాకు అర్థం కాదు.

ఇంకో బాధ ఏమిటంటే షాపులవాళ్లు అరచేతంత లామినేట్ ముక్కను జిగేలుమనే తెల్ల లైట్ల కింద చూపించి అక్కడికక్కడే ఆర్డర్ రాయించుకుంటారు. ముక్క ఇంటికి ఇవ్వమంటే మొహం మాడ్చుకుంటారు. ఇవ్వనివాడి దగ్గర కొనొద్దు. చెక్క, రాయి, లోహం ముక్కలు పక్కపక్కన పెట్టి, మీరు పెట్టించబోయే బల్బు కింద రాత్రి ఏడింటికి చూడండి. బిల్డర్లదీ ఇదే తీరు. హాలు మధ్యలో రెండు పాయింట్లు ఇచ్చి చేతులు దులుపుకుంటారు. ఆ లోటు కప్పడానికే జనం గదంతా ఫాల్స్ సీలింగ్ వేయించి, ఎత్తు పోగొట్టుకుని, చుట్టూ నీలం లైట్లు పెడుతున్నారు. నన్నడిగితే మామూలు ఫ్లాట్ హాలుకు ఫాల్స్ సీలింగే అనవసరం.

ఇక మీ గోడ. హాల్లో మెరిసేది ఒక్కటే ఉండాలి. మీ నేల నిగనిగలాడే విట్రిఫైడ్ టైల్స్ అయితే ప్రతి డౌన్‌లైటూ నేల మీద తెల్ల చుక్కై మెరుస్తుంది. దానికి తోడు మెరిసే మార్బుల్ షీట్ కూడా ఉంటే టీవీ చూస్తున్నంతసేపూ కళ్లు లాగుతాయి. షీట్ మానేయండి. చెక్క ప్యానెల్‌ను మ్యాట్ వెనీర్‌లో, అంటే మెరవని పల్చటి అసలు చెక్క పొరతో చేయించండి. రాయి కావాలనుకుంటే పాలిష్ చేయని తాండూరో, నల్ల కడప బండో కొంచెం వాడండి, అసలు రాయి మీద వెలుతురు పడితే ఆ అందమే వేరు. గోల్డ్ స్ట్రిప్ వద్దు, అసలు చెక్క పక్కన అది వెలవెలబోతుంది. లోహం ఉండాలనిపిస్తే ఒక పెంబర్తి ఇత్తడి వస్తువు పెట్టుకోండి. చెక్క ప్యానెల్ పైన గోడ లైటుకు విడిగా ఒక వైరు లాగించమని ఎలక్ట్రీషియన్‌కి ఈ వారమే చెప్పండి. ఫాల్స్ సీలింగ్ వేయిస్తున్నట్టయితే, బోర్డులు బిగించాక అడిగితే మళ్లీ కోయాలి, దానికి వేరే బిల్లు వేస్తారు.