ఇన్‌స్టాలో లక్ష ఫాలోవర్లున్న షాపుని నమ్మొచ్చా?

ఫాలోవర్లని చూసి మాత్రం డబ్బులు పంపకండి, వాళ్ళని కొనుక్కోవచ్చు, లేదంటే పాత మీమ్స్ పేజీ ఒకటి కొని పేరు మార్చి చీరల షాపు అనేస్తారు. మా అక్క అలాగే బెజవాడ వన్‌టౌన్ హోల్‌సేల్ అని రాసుకున్న పేజీకి 1,800 కొట్టింది, చీర రాలేదు, కామెంట్లు ఆఫ్, తర్వాత బ్లాక్. అక్కడి బట్టల హోల్‌సేల్ మార్కెట్ వస్త్రలతకెళ్ళి అడిగితే ఆ పేరుతో అసలు షాపే లేదన్నారు!

నేనైతే జీఎస్టీ నంబర్ అడుగుతా, అంకెలూ అక్షరాలూ కలిపి మొత్తం 15 ఉంటాయి, మన ఏపీదైతే 37తో మొదలవుద్ది, జీఎస్టీ పోర్టల్‌లో లాగిన్ లేకుండానే కొట్టి చూస్తే పేరు, రిజిస్టరైన తేదీ, యాక్టివా క్యాన్సిలా అన్నీ తెలిసిపోతాయి, ఆ పేరూ పేజీ పేరూ కలవకపోతే డౌటే. చిన్న షాపులకి జీఎస్టీ లేకపోవచ్చు, అంతమాత్రాన దొంగలని కాదు, క్యాష్ ఆన్ డెలివరీ అడగండి. ఆల్రెడీ డబ్బు పోయుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.