ఆ ట్యూబ్ అతికించే ముందు ఇది చదువు

చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి "నీ మేనల్లుడు గదినిండా పీవీసీ పైపు ముక్కలు పోశాడు, రంపం పెట్టి కోస్తున్నాడు, ఏంట్రా అంటే సినిమా అంటాడు, అంతా నీ పోలికే" అని తిట్టింది, తిట్టింది నిన్నో నన్నో అర్థం కాలేదు. ఫోన్ పెట్టాక చాలాసేపు నిద్ర పట్టలేదురా. సంతోషమే, కాదనను, కానీ అందులో సగం భయం.

మర తిప్పి బిగించే పాత ఎం42 రకం స్టిల్ లెన్స్‌ని సోనీ మిర్రర్‌లెస్ కెమెరాకి, మధ్యలో ఆ పైపు ముక్కనే ట్యూబ్‌గా పెట్టి, తగిలిస్తున్నావట. మంచి జోడీయే. ఆ లెన్స్‌కి మౌంట్ (లెన్స్ బిగించే చోటు) నుంచి సెన్సర్ దాకా 45.46 మి.మీ. కావాలి, సోనీ ‘E’ మౌంట్ బాడీలో 18 ఉంది, మిగతా 27.46 నీ ట్యూబ్ ఇవ్వాలి, ట్యూబ్‌ని కెమెరాకి బిగించడానికి వాడే బాడీ క్యాప్ (కెమెరా మూత) మందం కూడా అందులోకే వస్తుంది, అది మర్చిపోకు. 50 ఎంఎం లెన్స్‌కి అర మిల్లీమీటరు ఎక్కువైతే చాలు, ఐదు మీటర్ల అవతల ఏదీ ఫోకస్‌లోకి రాదు. కాస్త పొట్టిగా కోస్తే మాత్రం ఫర్లేదు, కాగితం రింగులా కత్తిరించి మధ్యలో పెట్టుకో, మామూలు ప్రింటర్ పేపర్ సుమారు 0.1 మి.మీ. ఉంటుంది. రాత్రి చందమామ మీద ఫోకస్ చేసి చూడు, అదే పరీక్ష.

లోపల మ్యాట్ నలుపు వెయ్యి. రంపప్పొట్టు కడిగి ఆరబెట్టకుండా కెమెరా దగ్గరికి తేకు. లెన్స్ మీద ఏ/ఎం (ఆటో/మాన్యువల్) స్విచ్ ఉంటే ఎంలో పెట్టు, లేకపోతే అపర్చర్ రింగు తిప్పినా లోపల వెలుతురు తగ్గించే బ్లేడ్లు కదలవు. త్రీడీ ప్రింట్ చేయిస్తానంటే పీఎల్ఏ అనే ప్లాస్టిక్ వద్దు, అరవై డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, ఎండలో ఆపిన కార్లో పెట్టావంటే లెన్స్ తల వాల్చేస్తుంది.

ఇవన్నీ నువ్వు ఎలాగూ తెలుసుకుంటావులే, అమ్మమ్మ కళ్ళజోడు ఎత్తుకుపోయి చీమల్ని పెద్దవి చేసి చూసిన వెధవ్వి. నేను కూర్చుని రాస్తున్నది జిగురు గురించి.

పెద్ద సెన్సర్‌తో వీడియో తీసే కెనాన్ 5డీ మార్క్ 2 కెమెరా 2008లో రాకముందు మా చేతుల్లో ఉన్నవి చిన్న సెన్సర్ హ్యాండీకామ్‌లు, హీరో మొహం ఎంత క్లియర్‌గా ఉంటే వెనక గోడమీద క్యాలెండర్ కూడా అంతే క్లియర్‌గా వచ్చేది. అందుకని ముందు స్టిల్ కెమెరా లెన్స్, మధ్యలో గరుకు అద్దం, ఆ అద్దం మీద పడ్డ బొమ్మని హ్యాండీకామ్‌తో మాక్రోలో, అంటే బాగా దగ్గర్నుంచి, షూట్ చెయ్యడం, అదీ మా అడాప్టర్. బొమ్మ తలకిందులుగా వచ్చేది, ఎల్‌సీడీ చూస్తూ కుడికి ప్యాన్ చెయ్యబోయి ఎడమకి చేసేవాణ్ణి. అద్దం గరుకు తెరమీద మురికిలా కనపడుతోందని పాత సెల్‌ఫోన్ వైబ్రేటర్ మోటార్ పీకి దానికి కట్టా, అద్దం వణికితే గరుకు కనపడదు. సౌండ్ చూసేవాడు మాత్రం "ఈ తేనెటీగని ఎవరు తెచ్చార్రా" అని నెత్తి కొట్టుకునేవాడు.

లెన్స్ నాది కాదు. ఫ్రెండ్‌ది, అసలు వాళ్ళ నాన్నగారిది. షూటింగ్ ముందురోజు రాత్రి రింగు కదులుతోందని నాలుగు చుక్కలు సూపర్ గ్లూ వేసి, దుమ్ము పడకూడదని వెంటనే లెన్స్ బిగించి రెండువైపులా మూతలు పెట్టి డబ్బాలో పెట్టి పడుకున్నా. ఆ జాగ్రత్తే కొంప ముంచింది. ఆ జిగురు ఆరేటప్పుడు వచ్చే ఆవిరి మూసేసిన చోట ఎటూ పోలేక దొరికినదాని మీద తెల్లగా పేరుకుంటుంది, పోలీసులు వేలిముద్రలు బయటపెట్టేదీ ఆ ఆవిరితోనే. పొద్దున మూత తీస్తే లెన్స్ వెనక అద్దం మీద, నోటితో ఊదితే పడుతుందే, అలాంటి పొర. కాకపోతే ఇది పోదు. జేబురుమాలుతో తుడిచా. రుద్దా. ఇంకా గట్టిగా రుద్దితే కోటింగ్ మీద గీతలు పడ్డాయి. అప్పటికైనా ఆగానా, నెయిల్ పాలిష్ రిమూవర్ దూది మీద పోసి అంచుల్లో తిప్పా. అద్దం చుట్టూ ఉన్న నల్లరంగు కరిగి సన్నటి చారలా లోపలికి దిగడం మొదలెట్టింది. అది దిగుతుంటే దూది పట్టుకుని అలా చూస్తూ నిలబడ్డా.

షూటింగ్ ఆపలేదు. చూసినవాళ్ళు "ఆ పొగమంచు లుక్ ఏ ఫిల్టర్ బాస్" అనడిగారు, సిగ్గులేకుండా ఏదో పేరు చెప్పా. లెన్స్‌కి మూత పెట్టి వాడికి తిరిగిచ్చేశా, మాట చెప్పలేదు. వాడు ఎప్పుడు చూసుకున్నాడో తెలీదు, ఒక్క మాట అనలేదు. ఫోన్లు మాత్రం తగ్గిపోయాయి.

కాబట్టి సూపర్ గ్లూ వాడకు. స్క్రూలు పెట్టు, మొనలు లోపలికి పొడుచుకు రాకుండా చూసుకో, లేదా రెండు చిన్న గొట్టాల్లో వచ్చేదాన్ని కలిపి వాడే ఎపాక్సీ జిగురు వెయ్యి. ఏది వేసినా పూర్తిగా ఆరేదాకా లెన్సూ కెమెరా పక్కగదిలో ఉండాలి, తొందరపడి "ఒక్కసారి పెట్టి చూస్తా" అన్నావంటే వచ్చి వీపు విమానం మోత మోగిస్తా.

ఇంతకీ ఆ లెన్స్ ఎవరిదిరా? మీ అమ్మకి తెలీదంది. ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకున్నదైతే ముందు అది చెప్పు.

ట్యూబ్ కోశాక, క్యాప్ మందంతో కలిపి, కాలిపర్ (మందం కొలిచే పరికరం) పెట్టి అంకె కనపడేలా ఫోటో తీసి పంపు. 27.46 దాటితే అతికించకు, ఫోన్ చెయ్యి, అర్ధరాత్రైనా పర్లేదు, ఎలాగూ మెలకువగానే ఉంటా. ఆ పైపు పొట్టు ఊడ్చెయ్యి, మీ అమ్మ మళ్ళీ నన్నే అంటుంది.

మావయ్య