కలల ఇల్లు వద్దు, ముగ్గుపిండి తెప్పించు

చిరంజీవి తమ్ముడికి,

మే నెలలో ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలకి పది రోజుల ఆర్కిటెక్చర్ శిబిరం పెడుతున్నానని రాశావు. సంతోషం. నువ్వు పంపిన పట్టికలో మొదటిరోజు "నా కలల ఇల్లు" బొమ్మ గీయించడం ఉంది. అది కొట్టెయ్. వాళ్ళు గీసేది ఫోన్లో చూసిన డూప్లెక్స్ ముఖమే: గాజు బాల్కనీ, ముందు కారు, పక్కన కొబ్బరిచెట్టు. దాన్ని నువ్వు తప్పనీ అనలేవు, ఒప్పనీ అనలేవు. అదే కొలిచి, కోసి, నిలబెట్టే పని ఇస్తే తప్పేమిటో నువ్వు చెప్పక్కర్లేదు. టేపు చెబుతుంది, ఎండ చెబుతుంది, ఫ్యాను చెబుతుంది. ఆ వయసు పిల్లలు పెద్దల మాటకంటే వాటి మాట తొందరగా వింటారు.

మొదటిరోజు పొద్దున్నే బడి గ్రౌండ్‌లో ముగ్గు పోయించు, పునాదికి మేస్త్రీలు పోసినట్టే. పది పది అడుగుల గది ఒకటి, దాని పక్కన నాలుగు ఏడు అడుగుల బాత్రూము, మూడడుగుల నడవ చాలు. మూల సరిగ్గా రావడానికి 3-4-5 లెక్క (రెండు భుజాలు 3, 4 అయి కర్ణం 5 వస్తే మూల లంబకోణం) వాడతారు కదా, పిల్లలకి 6, 8, 10 అడుగులు ఇవ్వు. త్రిభుజం చిన్నదైతే అరంగుళం తేడా కంటికి ఆనదు, గోడ చివరికి వెళ్ళేసరికి అదే పెద్దదై కూర్చుంటుంది. నాలుగు గీతలూ అయ్యాక రెండు కర్ణాలూ కొలిపించు. సమానంగా రాకపోతే ఎక్కడ జరిగిందో వాళ్ళనే వెతకనీ. నైలాన్ తాడుతో కొలవనివ్వకు, లాగిన కొద్దీ సాగుతుంది. తర్వాత ఆ గదిలో ఒక మంచం కొలతకి చాప పరిపించి, తలుపు తెరుచుకునే వంపు కూడా ముగ్గుతో గీయించు. తలుపు మంచానికి తగులుతుంది. పదడుగులంటే ఎంతో అప్పుడు ఒంటికి తెలుస్తుంది.

మధ్యాహ్నం ఎండలో బయట ఉంచకు. నీడలోకి వచ్చి తరగతి గది కొలవండి. నలుగురికో జట్టు, జట్టుకో స్టీలు టేపు, గది పొడవుకి సరిపోయేది. ఇక్కడ రెండు చిక్కులు వస్తాయి. ఒకటి, టేపు కొస కొక్కెం కదులుతోందని, పాడైపోయిందని పిల్లలు ఫిర్యాదు చేస్తారు. అది కావాలనే వదులుగా పెట్టింది. అంచుకి తగిలించి లాగినా, గోడకి ఆనించి నొక్కినా కొలత ఒకటే రావాలంటే కొక్కెం తన మందమంత అటూ ఇటూ జరగాలి. బిగించబోతారు, చూసుకో. రెండోది, గోడ, కిటికీ, గోడ, తలుపు అని ముక్కముక్కగా కొలిచి కూడతారు. ప్రతి ముక్కకీ అయిదు మిల్లీమీటర్లు పోయినా ఎనిమిది ముక్కలకి నాలుగు సెంటీమీటర్లు. మూలలో సున్నా పెట్టి, టేపు తీయకుండా కిటికీ మొదలు, కిటికీ చివర, తలుపు మొదలు అని ఒకే వరసలో రాయించు. ఇంట్లో అడుగులూ గజాలూ వినే పిల్లలు కాబట్టి నోటితో అడుగులు అననీ, కాగితం మీద మాత్రం మిల్లీమీటర్లే.

మూడోరోజు నుంచి మోడల్. స్కేలు 1:20. ఆరు మీటర్ల గది 30 సెంటీమీటర్లకి వస్తుంది, బల్ల మీద పడుతుంది, చెయ్యి లోపలికి పడుతుంది. ఖరీదైన ఫోమ్ బోర్డు కొనకు. కిరాణా కొట్లలో అయిదు పొరల అట్టపెట్టెలు ఊరికే ఇస్తారు. ఆ అట్ట రెండు వరసలు అంటిస్తే సుమారు 11 మిల్లీమీటర్లు. తొమ్మిదంగుళాల ఇటుక గోడ 1:20లో 11.5. అంత మందం ఎందుకంటావేమో. ఒంటి అట్టతో గోడ కడితే గది లోపల ఉన్నదానికంటే వెడల్పుగా కనిపిస్తుంది, కిటికీ గట్టు మీద కూర్చోవచ్చన్న సంగతే పిల్లలకి తట్టదు. అట్టలోని గాడులు నిలువుగా ఉండేలా కోయాలి. అడ్డంగా ఉంటే పైకప్పు పెట్టగానే గోడ వాటి వెంటే మడతపడుతుంది. మూలల దగ్గర ప్రతి జట్టూ తడబడుతుంది. నాలుగు గోడలూ లోపలి కొలతకే కోస్తే మూలల్లో మందమంత ఖాళీ మిగులుతుంది. ఎదురెదురు గోడలు రెండు లోపలి కొలతకి, మిగతా రెండు లోపలి కొలతకి రెండు గోడల మందం, అంటే సుమారు 22 మిల్లీమీటర్లు, కలిపి కోయాలి. ముందే చెప్పేయకు. ఒకసారి మూల తెరుచుకున్నాక చెప్పు.

కట్టర్లు ఇద్దరికొకటి, పదహారు మందికి ఎనిమిది. స్టీలు స్కేలే వాడాలి, ప్లాస్టిక్ స్కేలు అంచు చెక్కుకుపోయి బ్లేడు వేలి మీదికి ఎక్కుతుంది. ఒక్క ఊపులో కోయకూడదు, తేలిగ్గా మూడు నాలుగు సార్లు గీయాలి. పట్టుకున్న చెయ్యి ఎప్పుడూ బ్లేడు వెనకే ఉండాలి. అట్ట అంచు చిరుగుతోందంటే బ్లేడు మొద్దుబారినట్టు, ఒక ముక్క విరిచెయ్. విరిచిన ముక్కలన్నీ మూత ఉన్న సీసాలోకే. ఫెవికాల్ పల్చగా రాయించు. దట్టంగా పూస్తే తడికి అట్ట ఉబ్బి వంకరపోతుంది, మన సముద్రపు గాలిలో అసలే ఆలస్యంగా ఆరుతుంది. రాత్రికి మోడళ్ళని పెద్ద పాలిథిన్ సంచుల్లో పెట్టి, అంటించిన గోడల మీద పుస్తకాలు బరువు పెట్టించు. థర్మోకోల్ ఎవరైనా తెస్తే దానికి ఫెవిక్విక్ తగలనివ్వకు, కరిగి గుంట పడుతుంది.

ఎండ పాఠానికి మన ఊరికి ఒక అదృష్టం ఉంది. విశాఖ సుమారు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి మే 10, 11 తేదీల్లో సూర్యుడు నడినెత్తికి వస్తాడు, పన్నెండుకి ఏడెనిమిది నిమిషాల ముందు. డాబా మీద మీటరు కర్ర నిటారుగా నిలబెడితే నీడ మాయమవుతుంది. నీ శిబిరం ఆ వారంలో పడేలా చూసుకో. అదే కర్రకి జూన్ 21 మధ్యాహ్నం పది సెంటీమీటర్ల నీడ దక్షిణానికి, డిసెంబరు 21న 87 సెంటీమీటర్ల నీడ ఉత్తరానికి పడుతుంది. ఎండ ఎప్పుడూ దక్షిణం నుంచే వస్తుందని పెద్దవాళ్ళే అనుకుంటారు. దిక్కుల కోసం ఫోన్ దిక్సూచిని నమ్మకు, డాబా స్లాబులో ఇనుము ఉంటుంది. కర్ర చుట్టూ ఒక వలయం గీసి, నీడ కొస పొద్దున దాన్ని తాకిన చోట ఒక చుక్క, మధ్యాహ్నం తర్వాత తాకిన చోట మరో చుక్క పెట్టించు. రెండూ కలిపితే తూర్పు పడమరల గీత.

ఆ గీతకి సరిగ్గా మోడల్‌ని అమర్చి సాయంత్రం నాలుగింటిదాకా చూడనీ. రెండడుగుల సన్‌షేడ్ దక్షిణపు కిటికీకి డిసెంబరు మధ్యాహ్నం కూడా సగానికి పైగా నీడ ఇస్తుంది. మే నెలలో నాలుగు గంటలకి పడమటి కిటికీకి అదే సన్‌షేడ్ అడుగుంబావు మించి ఇవ్వదు, మిగతా ఎండంతా గదిలోకే. అప్పుడు వాళ్ళంతట వాళ్ళే నిలువు పలకలు, చెట్లు, జాలీలు అంటారు. ఆ మాట నీ నోట రాకూడదు.

ఇక డిజైన్. చేపలమ్మేవాళ్ళకి నీడ అని రాశావు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, మరపడవలు ఒడ్డునే ఉంటాయి. కొలవడానికి వెళ్తే నీకు బేరమే సరిగా కనిపించదు. ఆ నెలలో రోడ్డు పక్కన ఎక్కడ చూసినా తాటిముంజలే. ముంజలమ్మే మనిషికి ఆరడుగుల చదరంలో నీడ, ఆటోలో పట్టేలా విప్పుకునేది. ముందు అరగంట ఊరికే చూడమను. గోనెపట్టా మీద కూర్చున్న ఎత్తెంత, కత్తి ఎత్తి కొట్టేటప్పుడు చెయ్యి ఎంత పైకి పోతుంది, గెలలు ఏ పక్క, కొన్నవాళ్ళు నిలబడేది ఎక్కడ, పొద్దుపోయేసరికి చెత్త డొక్కలు ఎంత పోగవుతాయి. ఆ పోగుకి చోటు వదలని డిజైనే ఎక్కువ వస్తుంది. ఆ మనిషి మీకోసం వెచ్చించిన సమయానికి బదులుగా డబ్బులివ్వు, లేదా జట్టంతా ముంజలు కొనుక్కుని తినండి.

దీనికి మోడల్ 1:10. నిలువు కడ్డీలకి పాత పేపర్లు చువ్వ మీద గట్టిగా చుట్టి టేపు వేస్తే చాలు. నాలుగు కాళ్ళ పందిరి చెయ్యి తగలగానే ఒక పక్కకి ఒరుగుతుంది, ఏటవాలు కడ్డీ ఒకటి పెట్టగానే నిలబడుతుంది. తర్వాత పెడెస్టల్ ఫ్యాను పెట్టు. కప్పు ఎగురుతుంది. పిల్లలు మొదట కప్పు మీద బరువు పెడతారు. గాలి కప్పుని కిందికి తొయ్యడం కాదు, అంచుల దగ్గర పైకి లాగుతోందని దారప్పోగులు అంటించి చూపించు. 2014 అక్టోబరు 12 హుద్‌హుద్ తుఫాను ఈ పిల్లలకి ఇంట్లోవాళ్ళు చెప్పిన కబురే. రేకులు ఎలా లేచాయో ఇంట్లో అడిగి రమ్మను. ఒడ్డున ఉండే తాటాకు చుట్టిళ్ళ బొమ్మ కూడా చూపించు, వాటికి గాలికి దొరికే నిలువు మూలలు లేవు. అన్ని పక్కలకీ వాలిన కప్పు, పొట్టి చూరు, కాళ్ళకి బరువు అనే మూడూ వాళ్ళే పట్టుకుంటారు.

చివరి రెండు రోజులు ఒక్క డిజైన్ ఎంచి నిజం సైజులో కట్టించు. ఎనిమిదడుగుల సరుగుడు కర్రలు పన్నెండు, కొబ్బరితాడు, టార్పాలిన్. ఫుట్‌పాత్ తవ్వకూడదు కాబట్టి కాళ్ళకి ఇసుక నింపిన సిమెంటు సంచులు. కట్టు వేసేటప్పుడు రెండు కర్రల మీదా మూడు చుట్లు వేశాక, రెండు కర్రల మధ్యనుంచి తాడుని రెండు బిగింపు చుట్లు తిప్పాలి. అది మానేస్తే మర్నాటికి జారుతుంది. నిచ్చెన ఎక్కే పని పెద్దవాళ్ళదే.

తల్లిదండ్రులు "దీనివల్ల సీటొస్తుందా" అని అడుగుతారు. సూటిగా చెప్పు: బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) అయిదేళ్ళు, నాటా అనే ప్రవేశపరీక్ష గానీ జేఈఈ మెయిన్ రెండో పేపరు గానీ రాయాలి, ఇంటర్లో లెక్కలూ ఫిజిక్సూ ఉండాలి. లెక్కలు లేని బైపీసీ తీసుకుంటే ఆ దారి లేదు. పదో తరగతి పిల్లల ఇళ్ళకి ఈ మాట కాలేజీలో చేర్చకముందే చేరాలి, అందుకే శిబిరం చివరిరోజు దాకా ఆగకుండా మొదటిరోజే కాగితం మీద అచ్చు వేయించి ఇంటికి పంపు.

కొనాల్సిన సామాను చీటీ రాశాక ఒకసారి పంపించు, చూసి ఇస్తాను.

ఆశీస్సులతో,
అన్నయ్య
విశాఖపట్నం