చావడి దగ్గర రాత్రి హాజరు

"ప్రతి దేశ చరిత్రలోనూ గర్వంగా చెప్పుకోలేని పుటలు కొన్ని ఉంటాయి. మన దేశ చరిత్రలో అలాంటిది, ఎక్కువ మంది పట్టించుకోనిది ఏది?" అని మీరు అడిగారు. నేను 31 సంవత్సరాలు ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. అన్ని సంవత్సరాలలో ఒక్కసారి కూడా పిల్లలకు పాఠంగా చెప్పని విషయాన్ని, నేర జాతుల చట్టాన్ని గురించి ఇక్కడ రాస్తాను. అది పాఠ్యపుస్తకంలో లేకపోవడం వల్లనే చెప్పలేదని అంటే పూర్తి నిజం కాదు. అది మా ఇంటికి కూడా సంబంధించిన విషయం.

మాది బాపట్ల తాలూకాలోని ఒక పల్లెటూరు. నా చిన్నతనంలో అమ్మతో కలిసి బాపట్లలో పాసింజరు బండి ఎక్కి చీరాలలోని అమ్మమ్మగారి ఇంటికి వెళ్ళేవాణ్ణి. దారిలో స్టువర్టుపురం స్టేషను వస్తుందనగా పెట్టెలో మాటలు తగ్గిపోయేవి. మగవాళ్ళు సామాన్లను కాళ్ళ మధ్యకు లాక్కునేవారు, అమ్మ పమిటను మెడ చుట్టూ తిప్పి గొలుసును కప్పుకునేది. బండి కదిలాక అందరూ మళ్ళీ మాటల్లో పడేవారు. ఆ స్టేషనులో దిగేవారిని, ఎక్కేవారిని నేను ఎన్నోసార్లు చూశాను. గంపలు, మూటలు, చంకన పిల్లలు, మా ఊరివాళ్ళ దగ్గర ఉండేవే వాళ్ళ దగ్గరా ఉండేవి. అయినా ఎందుకు భయపడాలో ఎవరూ నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ భయానికి పునాది వేసిన చట్టం 1871 అక్టోబరు 12న వచ్చింది. కులవృత్తులు తరతరాలుగా తండ్రి నుంచి కొడుక్కి వస్తున్న ఈ దేశంలో వడ్రంగికి, నేతగాడికి కులం ఉన్నట్టే నేరగాడికి కూడా కులం ఉంటుందని, ఆ కులంలో పుట్టినవాడు నేరం మానడం అతని చేతిలో లేదని ఆనాటి పాలకులు వాదించారు. ప్రభుత్వం ఒక జాతిని నేర జాతిగా గెజిట్‌లో ప్రకటిస్తే చాలు, ఆ ప్రకటన తప్పని ఏ న్యాయస్థానంలోనూ వాదించడానికి వీలు లేదు. ఆ జాతివారు పేరు నమోదు చేయించుకోవాలి, చెప్పిన వేళకు హాజరు ఇవ్వాలి, ఊరు దాటాలంటే చిఠీ తీసుకోవాలి. అదే చట్టంలోని రెండో భాగం హిజ్రాలను కూడా ఇలాగే రిజిస్టరుకు ఎక్కించిందన్న సంగతి ఇంకా తక్కువ మందికి తెలుసు. 1897 సవరణ నాలుగు సంవత్సరాల నుంచి 18 సంవత్సరాల లోపు మగపిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరు చేసి ఉంచడానికి అధికారం ఇచ్చింది. మొదట ఉత్తరాది ప్రాంతాలకే పరిమితమైన ఈ చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికి, అంటే మన కోస్తా, రాయలసీమ జిల్లాలకు వచ్చింది. 1924 నాటి చట్టం ప్రకారం, నిర్దేశించిన నేరాలకు ఈ జాతులలోని మనిషికి రెండోసారి శిక్ష పడితే సాధారణంగా ఏడు సంవత్సరాలకు తగ్గకూడదు, మూడోసారి అయితే యావజ్జీవ ద్వీపాంతరం.

మన ప్రాంతంలో దీని బరువు ఎక్కువగా ఎరుకలవారి మీద పడింది. వాళ్ళు ఏం చేసి బ్రతికేవారో తెలిస్తే ఈ అన్యాయం ఇంకా స్పష్టంగా కనబడుతుంది. సముద్రతీరపు కొఠార్లలో ఉప్పు కొని, గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని లోపలి ఊళ్ళకు తీసుకుపోయి, దానికి బదులుగా ధాన్యం తెచ్చి అమ్మే వ్యాపారులు వాళ్ళు. వాళ్ళలో ఒక శాఖకు ఉప్పు ఎరుకలనే పేరు ఇప్పటికీ ఉంది. మగవాళ్ళు తట్టలు, బుట్టలు, గాదెలు అల్లేవారు, ఆడవాళ్ళు ఎరుక చెప్పేవారు. ప్రభుత్వం ఉప్పును తన గుత్తాధిపత్యం కిందికి తెచ్చుకున్నది, రైళ్ళు వచ్చి ఆ ఉప్పును ఒక్క రోజులో మోసుకుపోవడం మొదలుపెట్టాయి, 1876–78 కరువు పశువులను తినేసింది, 1882 అటవీ చట్టం వెదురు కొట్టుకోవడాన్ని, పశువుల మేపును నేరంగా మార్చింది. కొన్ని దశాబ్దాల్లోనే ఒక జాతి జీవనాధారాలన్నీ కూలిపోయాయి. ఆ తరువాత, పని లేకుండా ఊరూరా తిరుగుతున్నారు కాబట్టి వీళ్ళు దొంగలని అదే ప్రభుత్వం రాసుకున్నది. వారిలో దొంగతనాలు చేసినవారు లేరని నేను అనడం లేదు. కొందరు చేసిన పనికి ఉయ్యాలలోని పసివాణ్ణి కూడా జవాబుదారుగా నిలబెట్టిన చట్టాన్ని గురించి చెబుతున్నాను.

ఇక మా ఇంటి సంగతి. మా తాతగారు ఆ ఊరికి మునసబు, అంటే గ్రామాధికారి. నమోదైన ఎరుకల మగవాళ్ళ హాజరు తీసుకోవడం ఊళ్ళలో మునసబు బాధ్యతగా ఉండేది. మా నాన్నగారు పోయిన తరువాత పాత భోషాణం ఖాళీ చేస్తుండగా, శిస్తు లెక్కల కాగితాల అడుగున నాకు ఒక పొడుగాటి చేతి పుస్తకం దొరికింది. 1937 నుంచి సుమారు మూడు సంవత్సరాల హాజరు అందులో ఉంది. ఒక్కొక్క పేజీలో 11 పేర్లు, వాటి పక్కన రాత్రి 11 గంటలకు ఒకసారి, తెల్లవారుజామున 3 గంటలకు ఒకసారి వేయించిన వేలిముద్రలు. గైరుహాజరైన చోట తాతగారి చేతిరాతలో కారణం ఉంది. "జ్వరం, చూసి వచ్చితిని." "కూతురు పెండ్లి, చిఠీ రెండు దినములు." ఒక పేరు ఎదుట నాలుగు రాత్రులు వరుసగా "భార్య ప్రసవవేదన, హాజరైనాడు" అని ఉంది. అంటే ఆ నాలుగు రాత్రులూ అతను నొప్పులు పడుతున్న భార్యను వదిలి రెండేసి సార్లు చావడికి వచ్చి వేలిముద్ర వేసి వెళ్ళాడన్నమాట.

ఈ రాత్రి హాజరును గురించి తాతగారు నా చిన్నప్పుడే చెప్పారు, కాని కథలాగా చెప్పారు. వానాకాలంలో రెండుసార్లు ఎక్కడ తిరుగుతారని వాళ్ళలో చాలామంది చావడి అరుగు మీదనే పడుకునేవారట, చలికి గోనెపట్టాలు కప్పుకునేవారట. నాకు అప్పుడు పదేళ్ళు ఉంటాయి. "పాపం కదా తాతయ్యా" అన్నాను. ఆయన కోపగించుకోలేదు. "నేనూ వాళ్ళతోపాటు మేలుకోవలసి వచ్చేది కదరా, నాకు మాత్రం నిద్ర ఉండేదా?" అన్నారు. ఆయన క్రూరుడు కాదు. ఊళ్ళో ఎవరికి జబ్బు చేసినా బండి కట్టించి పంపేవారు. అలాంటి మనిషికి కూడా ఆ అరుగు మీది 11 మందికన్నా తన నిద్రే గుర్తుండిపోయింది. ఆ మాట నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

ఊళ్ళలో హాజరుకే పరిమితమైనవారు ఒక విధంగా అదృష్టవంతులు. మిగిలినవారిని సెటిల్మెంట్లలో, అంటే కాపలా ఉన్న ప్రత్యేక ఊళ్ళలో, పెట్టారు. మద్రాసు ప్రభుత్వంలో ఉన్నతాధికారి హెరాల్డ్ స్టువర్టు పేరుతో స్టువర్టుపురం 1913 ప్రాంతంలో ఏర్పడింది, దాని నిర్వహణను సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ మిషనరీ సంస్థకు అప్పగించారు. కృష్ణ ఒడ్డున సీతానగరంలో, నెల్లూరు జిల్లా కావలి దగ్గర కప్పరాళ్ళతిప్పలో, కర్నూలు జిల్లా సిద్ధాపురంలో మరికొన్ని వెలిశాయి. సంస్కరించడం అనే మాట వెనుక కూలి లెక్క కూడా ఉంది. స్టువర్టుపురం వారు చీరాల పొగాకు కంపెనీలో పనిచేశారు, సీతానగరం వారు క్వారీలో రాయి కొట్టారు. కూలి చాలదని పని మానేసి వెళ్ళిపోదామంటే చిఠీ లేకుండా సెటిల్మెంటు దాటడమే నేరం. మిషనరీలు బడులు పెట్టారు, వైద్యం చేశారు, ఆ బడుల్లో చదువుకున్నవారి సంతానం ఈనాడు మంచి ఉద్యోగాల్లో ఉన్నారు. ఆ మేలును నేను తక్కువ చేయను. అయితే చుట్టూ కాపలా ఉన్న బడిని బడి అని మాత్రమే పిలవడానికి నా మనస్సు ఒప్పుకోదు.

జలియన్‌వాలాబాగ్ పాఠాన్ని నేను ఏటా గొంతు పట్టేసేంతగా చెప్పేవాణ్ణి. అది 1919 ఏప్రిల్ 13న జరిగింది. ఏడాది కూడా తిరగకముందే, 1920 ఏప్రిల్ 3న, నేటి తమిళనాడులోని మదురై జిల్లా పెరుంగామనల్లూరులో, ఈ చట్టం కింద పేర్లు నమోదు చేయించుకోబోమని ఎదురు తిరిగిన కళ్ళర్ జాతివారి మీద పోలీసులు కాల్పులు జరిపారు. 16 మంది చనిపోయారు. వారిలో మాయక్కాళ్ అనే స్త్రీ కూడా ఉంది. ఈ సంఘటనను గురించి నేను తెలుసుకున్నది ఉద్యోగంలో చేరిన పదిహేను సంవత్సరాల తరువాత. 1936లో జవాహర్‌లాల్ నెహ్రూ మన నెల్లూరులోనే మాట్లాడుతూ ఈ చట్టాన్ని తీవ్రంగా ఖండించారు, ఏ జాతినీ పుట్టుకతో నేరస్థ జాతి అనడానికి వీలు లేదన్నారు. మా తాతగారి పుస్తకంలోని మొదటి వేలిముద్ర ఆ ప్రసంగం తరువాతి సంవత్సరానిది.

ఇంతవరకు చెప్పినదంతా పరాయి ప్రభుత్వం చేసిన పని అని సరిపెట్టుకోవచ్చు. నేను అలా సరిపెట్టుకోలేను. మద్రాసు రాష్ట్రంలో ఈ చట్టాన్ని 1947లో రద్దు చేసి, మరుసటి సంవత్సరమే అలవాటుపడిన నేరస్థుల నియంత్రణ చట్టాన్ని తెచ్చారు. దేశమంతటా 1952 ఆగస్టు 31న నేర జాతుల చట్టం రద్దయింది, వాళ్ళను విముక్త జాతులు అన్నారు. స్వాతంత్ర్యం వచ్చిన ఐదు సంవత్సరాలకు వాళ్ళకు విముక్తి వచ్చిందన్నమాట. ఆంధ్రప్రదేశ్ కూడా 1962లో అలవాటు నేరస్థుల చట్టం చేసుకున్నది. కాగితం మీద జాతి పోయి వ్యక్తి వచ్చాడు. పోలీసు స్టేషనులో ఎవరి పేర్లు రిజిస్టరుకు ఎక్కాలో ముందే తెలిసిన సిబ్బందికి ఆ మార్పు పెద్ద అడ్డు కాలేదు.

1971లో మా అక్కయ్య పెళ్ళిలో ఒక వెండి చెంబు పోయింది. ఇంటి నిండా చుట్టాలు, వంటవాళ్ళు, మేళగాళ్ళు, వచ్చేపోయేవాళ్ళు ఉన్నారు. మా నాన్నగారు, అప్పటికి ఆయనే మునసబు, ఎవరినీ ఒక్క మాట అడగకుండా తలారిని పిలిచి, పెళ్ళికి తట్టలు, చేటలు తెచ్చి ఇచ్చిన ఎరుకల ఆమె ఇంటికి పంపించారు. ఆమె భర్తను పోలీసులు తీసుకుపోయి రెండు రాత్రులు ఉంచుకున్నారు. మూడో రోజు అతను కుంటుకుంటూ మా వీధిలో నుంచి నడిచి వెళ్ళడం నేను అరుగు మీద కూర్చుని చూశాను. నాకు అప్పుడు పదమూడేళ్ళు. చెంబు దొరకలేదు, ఎన్నటికీ దొరకలేదు. అందువల్ల మా ఇంట్లో ఎవరికీ తప్పు చేశామన్న ఆలోచన కూడా రాలేదు. అమ్మ చనిపోయేవరకు ఆ చెంబును "ఆ ఎరుకలది పట్టుకుపోయిన చెంబు" అనే అనేది. ఆ మాటను నేను ఒక్కసారి కూడా సరిదిద్దలేదు.

అల్లరి పిల్లవాణ్ణి మనం ముద్దుగా "కేడీ" అంటాం. మద్రాసు పోలీసు రికార్డుల్లో పేరుమోసిన దొంగలను సూచించడానికి వాడిన రెండు ఇంగ్లీషు పొడి అక్షరాలు, కే, డీ, కలిసి తెలుగు మాట అయ్యాయి. ఆ రిజిస్టరు మన భాషలోకి ఎంత సులభంగా వచ్చిందో, మన మనస్సుల్లోకీ అంతే సులభంగా వచ్చింది. 1998లో పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా జిల్లాలో బుధన్ శబర్ అనే విముక్త జాతి యువకుడు నిర్బంధంలో మరణించాడు. 2007లో ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష నిర్మూలన కమిటీ అలవాటు నేరస్థుల చట్టాలను ఎత్తివేయమని మన దేశాన్ని కోరింది. జైలు మాన్యువళ్ళలో సంచార జాతులను, విముక్త జాతులను పుట్టుకను బట్టి అనుమానించే నిబంధనలు రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పినది 2024 అక్టోబరు 3న. అంటే చట్టం రద్దయిన 72 సంవత్సరాల తరువాత కూడా ఆ రాతలు జైలు పుస్తకాల్లో ఉన్నాయి.

ఈ అనుమానాన్ని కాదన్నవారు మనలో అసలే లేరనడం కూడా అన్యాయం అవుతుంది. గుర్రం జాషువాగారి కుమార్తె హేమలతా లవణం, ఆమె భర్త లవణం 1970లలో స్టువర్టుపురం, కప్పరాళ్ళతిప్ప వంటి ఊళ్ళకు వెళ్ళి, అక్కడివారితో కలిసిమెలిసి ఉంటూ పనిచేశారు. ఆ రోజుల్లో మా అమ్మ ఇంకా రైలులో పమిట సర్దుకుంటూనే ఉంది.

ఆ చేతి పుస్తకాన్ని చాలా సంవత్సరాలు ఎవరికీ చూపించలేదు. మూడు సంవత్సరాల క్రితం, మా ఊరి ఎరుకల కుటుంబానికి చెందిన, ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న ఒకాయన నన్ను చూడడానికి వచ్చాడు. ఇప్పుడు ప్రభుత్వ ఉద్యోగి, నలభై అయిదేళ్ళ మనిషి. అతనికి పుస్తకం ఇచ్చి, ఇది మీ ఇళ్ళలో ఉండవలసింది, మా ఇంట్లో కాదు, అన్నాను. చెంబు సంగతి కూడా చెప్పాను. ఆ రెండు రాత్రులు పోలీసు స్టేషనులో ఉన్నది తన పెద్దతాతేనని అతను అన్నాడు. నేను క్షమించమని అడిగాను. అతను దానికి జవాబు చెప్పలేదు, చెప్పాలని నేను ఆశించనూ లేదు.

తరువాత అతను పుస్తకం తెరిచి, వేలు పెట్టి వెతుక్కుంటూ, ఒక పేరు దగ్గర ఆగాడు. నాలుగు రాత్రులు "భార్య ప్రసవవేదన" అని రాసి ఉన్న పేరు అది, అతని ముత్తాతది. అప్పుడు పుట్టినవాడే తన తాత అని లెక్కకట్టి చెప్పాడు. ముత్తాతకు ఫోటో లేదు, ఎలా ఉండేవాడో చెప్పగలిగినవారు ఇంట్లో ఎవరూ మిగలలేదు. ఆ వేలిముద్రను చాలాసేపు చూసి, "మాస్టారూ, ఇది ఎడమ చేతిదే కదండీ?" అని అడిగాడు. అవును నాయనా, ఎడమ బొటనవేలే వేయించేవారు, అన్నాను. అతను తన ఎడమ బొటనవేలును దాని పక్కన ఆనించి, కళ్ళద్దాలు పైకి జరుపుకుని, రెండింటినీ పోల్చి చూసుకున్నాడు.