షట్టరు వేగమా, వ్యవధా?

సందేహం: ‘షట్టరు వేగం పెంచితే చలన అస్పష్టత తగ్గుతుంది’ అని ఒక ఫొటోగ్రఫీ పాఠంలో చదివాను. 1/60 నుంచి 1/1000కి మారిస్తే సంఖ్య తగ్గుతుంది కదా, పెంచడం ఎలా అవుతుంది? ఇక్కడ ‘వేగం’ సరైన మాటేనా? – ఒక పాఠకురాలు

సమాధానం: మీ అనుమానం సబబే. 1/60, 1/1000 అనేవి వేగాలు కావు, సెకనులో వంతులు. కెమెరాలోకి వెలుతురును వదిలే తలుపు, అంటే షట్టరు, ఎంతసేపు తెరిచి ఉంటుందో అవి చెబుతాయి. పైగా రెండు తెరల షట్టరున్న కెమెరాలో 1/250 దాటి 1/1000కి వెళ్ళినా తెరల పరుగు పెరగదు. మొదటి తెర వెనకే రెండోది తొందరగా బయలుదేరి, మధ్య సందు సన్నబడుతుంది, అంతే. కాబట్టి ‘వ్యవధి’ అన్నదే న్యాయమైన మాట.

నాకు అసలు కష్టం ‘చలన అస్పష్టత’తో. సంస్కృత సమాసమే కావాలనుకుంటే సంధి చేసి ‘చలనాస్పష్టత’ అనాలి. ఆ ఓపిక లేనివారికి తెలుగు ఉండనే ఉంది. గంటకు 18 కిలోమీటర్ల వేగంతో మన ముందు అడ్డంగా పోయే సైకిలు 1/60 సెకనులో ఎనిమిది సెంటీమీటర్లకు పైగా జరుగుతుంది, 1/1000లో అర సెంటీమీటరే. మొదటి ఫొటోలో బొమ్మ ‘అలుక్కుపోయింది’ అంటాం. ఫోకస్ తప్పితే ‘మసక’, కదలికవల్లనైతే ‘అలుకు’. అలికినదానికి చెయ్యి పోయిన దిక్కు తెలుస్తుంది, మసకకు దిక్కు లేదు. ఇంత తేడా చూపే మాటలు ఉండగా రెండింటినీ ‘అస్పష్టత’లో కలిపేయడం బద్ధకం. అలుకు ప్రతిసారీ దోషమూ కాదు. 1/30 పెట్టి సైకిలుతోపాటే కెమెరాను తిప్పితే మనిషి నిలుస్తాడు, వెనక చెట్లు అలుక్కుపోతాయి.

ఇక ఈ కొద్ది కాలానికి మనవాళ్ళు పెట్టుకున్న పేరు చూడండి: రెప్పపాటు. ‘తడబడు’ నుంచి తడబాటు, ‘ఏర్పడు’ నుంచి ఏర్పాటు వచ్చినట్లే, రెప్ప పడడం రెప్పపాటు. సంస్కృతంలో నిమేషం. మనం అరవై సెకన్లకు సాగదీసిన ‘నిమిషం’ కూడా ఇదే. అమరకోశం లెక్కలో పద్దెనిమిది నిమేషాలు ఒక కాష్ఠ, ముప్ఫై కాష్ఠలు ఒక కల, ముప్ఫై కలలు ఒక క్షణం, పన్నెండు క్షణాలు ఒక ముహూర్తం, ముప్ఫై ముహూర్తాలు ఒక రోజు. రోజుకు 86,400 సెకన్లు గనక భాగించుకుంటూ వెళ్తే నిమేషం సెకనులో సుమారు 67వ వంతు. 50 మిల్లీమీటర్ల లెన్సుతో, చేత్తో పట్టుకుని తీసేటప్పుడు షట్టరును 1/60 సెకను కంటే ఎక్కువసేపు తెరిచి ఉంచవద్దని ఫొటోగ్రాఫర్లు చెప్పే హద్దు దాదాపు ఇదే! అమరకోశం రాసిన అమరసింహుడికి కెమెరా తెలుసని నేననడం లేదు. అలాంటివి ప్రచారం చేసేవారు వేరే ఉన్నారు. మన కంటి రెప్పకు నిజంగా పట్టే కాలం ఇంతకు ఎన్నో రెట్లు.

అయితే ఒక చిక్కు. నిమేషం అంటే రెప్ప మూయడం. షట్టరు చేసేది తెరవడం. దానికి మాట ‘ఉన్మేషం’. మన విమర్శకులు ‘నవనవోన్మేషం’ అని ప్రతి ముందుమాటలోనూ అరగదీసింది దీన్నే. కాస్త ఫొటోగ్రాఫర్లకు కూడా మిగిల్చి ఉంటే బాగుండేది. దేవతలు అనిమేషులు, రెప్ప వేయరు. స్వయంవరంలో నలుడి రూపంలో కూర్చున్న దేవతలను దమయంతి పోల్చుకున్న గుర్తుల్లో అదొకటి. కెమెరాలో ‘బల్బ్’ అనే అమరిక పెట్టి మీట నొక్కి పట్టుకుంటే, వదిలేదాకా షట్టరుదీ అదే చూపు: రాత్రి ఆకాశంలో చుక్కలన్నీ గీతలవుతాయి. ‘లిప్త’ మాత్రం గ్రీకు నుంచి వచ్చిన చుట్టం, ఇక్కడ పనిలేదు.

తీర్పు అడిగారు. మాటల్లో ‘వేగం పెంచండి’ అంటే తప్పుపట్టను, అది స్థిరపడిపోయింది. రాసేటప్పుడు ‘వ్యవధి తగ్గించండి’ అనడం మేలు. ‘ఉన్మేషకాలం’ నాకు ముచ్చటగానే ఉంది గాని, మీరు వాడి నవ్వులపాలైతే నా పూచీ లేదు. మీ తికమకలో సగం పాపం కెమెరాదే: చాలా కెమెరాలు 1/60ని ఉత్త 60గా చూపిస్తాయి, రెండు సెకన్లను 2 పక్కన రెండు చిన్న గీతలు పెట్టి చూపిస్తాయి. పాఠాలు రాసేవారు ముందు ఆ గీతల సంగతి చెప్పాలి.