శుక్రవారం రాత్రి ఫోను

నెల్లూరు నుంచి ఇరవై ఏడేళ్ల ఉపాధ్యాయిని ఒకరు ఉత్తరం రాశారు. ఆమె, బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న ఆమె అన్నయ్య పదేళ్లుగా ఒక విదేశీ వెబ్‌కామిక్, అంటే ఇంటర్నెట్‌లో భాగాలుగా వచ్చే బొమ్మల కథ, చదువుతున్నారు. ప్రతి శుక్రవారం కొత్త భాగం వస్తుంది, ఆ రాత్రే అన్నయ్య ఫోను చేస్తారు. దాన్ని గీసే వ్యక్తి పదహారు, పదిహేడేళ్ల ఆడపిల్లలైన తన పాఠకులకు కొన్నేళ్లుగా అసభ్యమైన సందేశాలు పంపుతున్నాడని ఈమధ్య బయటపడింది, అతడే ఒప్పుకున్నాడు. ఆమె చదవడం మానేశారు, అన్నయ్య మానలేదు. ఇంత ఇష్టపడిన కథను గీసినవాడి తప్పుకు వదులుకోవడం సబబేనా, కొనుక్కున్న రెండు పుస్తకాలను ఏం చేయాలి అని ఆమె అడుగుతున్నారు.

అమ్మా, మీరు అడిగినదానికి ముందే జవాబు చెప్పేస్తాను, దాని దగ్గర ఎక్కువసేపు ఆగవలసిన పని లేదు. వదులుకోవడం సబబే. సినిమా అయితే వందలమంది కష్టం అందులో కలిసి ఉంటుంది కాబట్టి ఒకడి తప్పుకు అందరి పనినీ కాదనాలా అని తటపటాయించవచ్చు. మీరు చదివేది అలాంటిది కాదు. కథ రాసేది, బొమ్మ గీసేది, ప్రతి భాగం చివర నాలుగు మాటలు రాసి పాఠకులను పలకరించేది ఒకే మనిషి. ప్రకటనల రూపంలోనో, రాబోయే భాగాలను ముందుగా చదవడానికి కట్టే రుసుముగానో, నెలనెలా పంపే చందాగానో సొమ్ము చేరేదీ ఆ మనిషికే. ఆ పలకరింపును నమ్మే ఆ పిల్లలు అతడికి దగ్గరయ్యారు గనుక, మనిషి వేరు, బొమ్మ వేరు అనే మాట ఇక్కడ నిలవదు. 2023 ఫిబ్రవరిలో కార్టూనిస్టు స్కాట్ ఆడమ్స్ నల్లజాతివారిని గురించి అన్న మాటలకు అమెరికాలో వందలాది పత్రికలు 1989 నుంచి వస్తున్న ఆయన 'డిల్బర్ట్' బొమ్మలను కొద్దిరోజుల్లోనే ఆపేశాయి. పత్రికలు చేసిన పనినే మీరు మీ ఇంట్లో చేశారు, అందులో చిన్నతనం ఏమీ లేదు. ఇక ఆ రెండు పుస్తకాలూ ఎప్పుడో డబ్బు ఇచ్చి తెచ్చుకున్నవి. అల్మారాలో ఉంచుకున్నా అతడికి కొత్తగా వచ్చేదేమీ లేదు, తీసేసినా పోయేదేమీ లేదు. మీ మనసుకు ఎలా తోస్తే అలా చేయండి.

అయితే మీ ఉత్తరాన్ని నేను మూడుసార్లు చదివాను, మూడుసార్లూ ఒకే వాక్యం దగ్గర ఆగిపోయాను. మూడు నెలలుగా మీరు ఆ కథ చదవకుండానే, శుక్రవారం సాయంత్రం బడి వదిలాక తోటి టీచరును అడిగి ఆ వారం ఏం జరిగిందో తెలుసుకుని, రాత్రి అన్నయ్యతో చదివినట్టే మాట్లాడుతున్నారు. అసలు బాధ అక్కడ ఉంది. మీరు వదులుకోలేనిది ఆ బొమ్మల కథను కాదు, అన్నయ్య ఫోనును. ఆరేళ్ల కిందట అమ్మ పోయాక మీ ఇద్దరికీ మాట్లాడుకోవడానికి మిగిలింది ఆ కథ ఒక్కటేనని, అది కూడా లేకపోతే "తిన్నావా, నాయన ఎలా ఉన్నాడు" అన్న రెండు ముక్కలతో ఫోను పెట్టేస్తారని మీకు భయం.

మీ అన్నయ్య చెడ్డవారని నేను అనుకోవడం లేదు. దూరంగా ఉంటూ ఆరేళ్లుగా ఒక్క శుక్రవారం కూడా తప్పకుండా చెల్లెలికి ఫోను చేసే అన్న తక్కువవాడు కాదు. కానీ "ఆ పిల్లలు ముందే మాట్లాడటం మానేసి ఉండాల్సింది" అని ఆయన అన్న మాట తప్పు, అది తప్పని ఆయనకు చెప్పగలిగింది మీరు ఒక్కరే. ఆడతోడు ఉన్న ఇంట్లో పుట్టిన మగవాడు ఎవరి పిల్లల గురించైనా అలా మాట్లాడకూడదని నా గట్టి నమ్మకం. రేపు మీ పెళ్లి మాటల్లో నాయన పక్కన కూర్చుని మీ తరఫున మాట్లాడవలసింది ఆయనే. మీ మనసుకు ఏది గుచ్చుకుంటుందో అప్పటికైనా ఆయనకు తెలిసి ఉండాలి. అన్న నొచ్చుకుంటాడని మీ అభిమానాన్ని దాచుకుని, చదవనిదాన్ని చదివినట్టు నటించడం ఆయనకు మర్యాద చేయడం కాదు. ఆ నటన వల్ల ఆయన ప్రతి శుక్రవారం మాట్లాడుతున్నది మీతో కాకుండా పోతోంది.

పదిహేడేళ్ల వయసులో మీరు ఆ చిత్రకారుడికి ఒక మెయిల్ రాశారని, అతడు రెండు వాక్యాల జవాబుతో పాటు తలకు మఫ్లరు చుట్టుకున్న ఒక చిన్న పిచ్చుక బొమ్మ గీసి పంపాడని, దాన్ని రంగుల్లో ప్రింటు తీయించి రెండో పుస్తకం అట్ట లోపల అంటించుకున్నారని రాశారు. ఆ జవాబులో తప్పు మాట ఏదీ లేదు. అయినా అతడు వల వేసింది మీ అప్పటి వయసు పిల్లలకేనని తెలిసినప్పటి నుంచి ఆ అట్ట తెరవడానికి మీకు చేయి రావడం లేదు. ఇది మీ అన్నయ్యకు తెలియదు. ఆయన దృష్టిలో ఆ పిల్లలు ముక్కూ మొహమూ తెలియని పరాయి దేశపువాళ్లు. ఆ వరుసలో తన చెల్లెలు కూడా ఉండేదేమోనన్న ఊహ ఆయనకు ఒక్కసారి కూడా రాలేదు. రావాలంటే మీరు చెప్పాలి. వాదించవద్దు, చదవడం మానేయమని ఒట్టు పెట్టించుకోవద్దు. మానడమా, మానకపోవడమా ఆయన తేల్చుకుంటారు. జరిగింది మాత్రం జరిగినట్టు చెప్పండి.

ఇది ఫోనులో చెప్పే మాట కాదు. అన్నయ్య ఉద్యోగం కోసం అమ్మ బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో నిలబడి, కోరిక కోరుకుని ఇంకొకరి చేతి రొట్టె పట్టిందని, ఆ ఉద్యోగం అమ్మ పోయిన కొన్ని నెలలకు వచ్చిందని, ఏటా రొట్టెల పండగకు రమ్మని అడిగినా అన్నయ్యకు తీరిక కుదరక ఆ రొట్టె ఇంకా వదలనే లేదని మీరు ఉత్తరం చివర రెండు వరుసల్లో రాసి ముగించారు. ఆ రెండు వరుసలనూ నేను తేలిగ్గా తీసుకోలేకపోతున్నాను. కోరిక తీరినవాళ్లు మళ్లీ వచ్చి, అదే కోరిక ఉన్నవాళ్లకు రొట్టె ఇచ్చి వదలాలన్నది మన ఊరి మాట, అమ్మ లేదు కాబట్టి అది ఇప్పుడు బిడ్డలిద్దరి బాధ్యత. పండగ వచ్చేది మొహర్రానికే కాబట్టి ఈసారి మొహర్రం ఎప్పుడు పడుతుందో చూసి, సెలవు పెట్టుకుని రమ్మని నెల రోజుల ముందే అన్నయ్యకు గట్టిగా చెప్పండి. ఈ ఒక్క విషయంలో మొహమాటపడవద్దు, నాయన చేత కూడా చెప్పించండి. రొట్టెలు మీ చేత్తోనే చేసి తీసుకెళ్లి, ఇద్దరూ నీళ్లలో దిగి, అడిగినవాళ్ల చేతిలో పెట్టి రండి.

తిరిగి ఇంటికి వచ్చాక, నాయన పడుకున్నాక, ఆ రెండో పుస్తకం తీయండి. మాట ఎలా మొదలుపెట్టాలో తోచకపోతే అట్ట తెరిచి ఆ పిచ్చుక బొమ్మ అన్నయ్యకు చూపించి, అది వచ్చినప్పుడు మీకు పదిహేడేళ్లని చెప్పండి.