కుక్కల బెల్టు కత్తిరించి పిల్లికి కట్టొచ్చా?

ప్రశ్న: మా పిల్లికి ఏడాదిన్నర. మూడు కిలోలు ఉంటుంది. నెల రోజులుగా మెడ దగ్గర, తోక మొదట్లో తెగ గోక్కుంటోంది. వెంట్రుకలు పక్కకు తీస్తే చిన్న చిన్న పురుగులు పరుగెత్తుతున్నాయి. పురుగులు పోవడానికి మెడకు కట్టే మందు బెల్టు కోసం పెట్ షాపులో అడిగితే ‘పిల్లుల బెల్టు లేదు, కుక్కలదే సగానికి కత్తిరించి కట్టండి, మందు ఒకటే’ అన్నారు. ఈ బెల్టుల వల్ల పెంపుడు జంతువులు చనిపోయాయని ఎక్కడో చదివాను. పైగా మా మూడేళ్ల బాబు పిల్లిని పక్కలో వేసుకునే పడుకుంటాడు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కుక్కల బెల్టు కట్టకండి. కత్తిరించి కూడా కట్టకండి. ఇప్పటికే కట్టేసి ఉంటే ముందు దాన్ని తీసేసి వచ్చి, తర్వాత మిగతాది చదవండి.

‘మందు ఒకటే’ అనే మాట పిల్లుల ప్రాణం మీదికి తెస్తోంది. మన దగ్గర కుక్కలకు బాగా అమ్ముడయ్యే కిల్టిక్స్ బెల్టులో ప్రొపాక్సర్, ఫ్లూమెత్రిన్ అనే మందులు ఉంటాయి. అది కుక్కలకు మాత్రమే. కుక్కల కోసం వచ్చే మరికొన్ని మందుల్లో పర్మెత్రిన్, డెల్టామెత్రిన్, అమిత్రాజ్ ఉంటాయి. వీటిలో పర్మెత్రిన్ పిల్లికి విషమే. కొన్ని రకాల మందులను విరిచి బయటికి పంపే ఎంజైము కుక్క కాలేయంలో, మన కాలేయంలో పుష్కలంగా ఉంటుంది. పిల్లిలో అది చాలా తక్కువ. అందుకే మందు ఒంట్లోనే ఉండిపోయి నరాల మీద పనిచేస్తుంది. జ్వరమొచ్చిందని మనం వేసుకునే పారాసిటమాల్ మాత్ర ఒక్కటి పిల్లిని చంపేయగలదన్నా దానికీ ఇదే కారణం. (ఇది చాలామందికి తెలియదు. దయచేసి పిల్లులున్న ఇళ్లవాళ్లకు చెప్పండి.) బెల్టును కత్తిరిస్తే పొడవు తగ్గుతుంది గానీ అందులోని మందు మారిపోదు కదా. పైగా పిల్లి రోజంతా ఒళ్లు నాకుతూనే ఉంటుంది. ఒంటికి అంటినదంతా కడుపులోకే పోతుంది. ఇంట్లో కుక్క కూడా ఉండి, దానికి పర్మెత్రిన్ చుక్కలు వేసి ఉంటే, దాన్ని ఆనుకుని పడుకున్న పిల్లికీ ప్రమాదమే.

మరి పిల్లుల కోసమే చేసిన బెల్టు సంగతి? మీరు చదివిన వార్త బహుశా అమెరికాలోని సెరెస్టో బెల్టు గురించి అయ్యుంటుంది. అందులో ఇమిడాక్లోప్రిడ్, ఫ్లూమెత్రిన్ ఉంటాయి. ఎనిమిది నెలల పాటు కొద్దికొద్దిగా విడుదలవుతాయి. 2012లో అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ దానికి అనుమతి ఇచ్చింది. ఆ తర్వాత ఆ సంస్థకు 75 వేలకు పైగా ఫిర్యాదులు చేరాయని, వాటిలో దాదాపు 1,700 పెంపుడు జంతువుల మరణాలు ఉన్నాయని 2021లో బయటికొచ్చి పెద్ద దుమారం రేగింది. ఈపీఏ మళ్లీ పరిశీలించి 2023 జులైలో బెల్టును మార్కెట్లో కొనసాగనిచ్చింది. కానీ అయిదేళ్ల గడువు పెట్టింది, లేబుల్ మీద హెచ్చరికలు పెంచమంది.

ఫిర్యాదు వచ్చినంత మాత్రాన కారణం బెల్టే అని తేలినట్టు కాదు. చాలా కేసుల్లో జంతువుకు వేరే జబ్బులు ఉన్నాయి, లేదా ఏం జరిగిందో తేల్చడానికి సరిపడా వివరాలే లేవు. బెల్టుకు గట్టిగా ముడిపెట్టగలిగిన కొద్ది మరణాల్లో ఎక్కువ భాగం మందు వల్ల వచ్చినవి కావు. బెల్టు మెడకు బిగుసుకోవడం వల్లో, గాయం చేయడం వల్లో వచ్చినవి. ఈ సంగతి మాత్రం నేను చాలా సీరియస్‌గా తీసుకుంటాను. మన పిల్లులు గోడలెక్కుతాయి, కిటికీ ఊచల్లోంచి దూరతాయి. బెల్టు దేనికైనా తగులుకుంటే దానంతట అది ఊడిపోవాలి. అలా ఊడే ఏర్పాటు లేని బెల్టు పిల్లికి వద్దే వద్దు. కట్టాక మెడకూ బెల్టుకూ మధ్య మీ రెండు వేళ్లు సులువుగా దూరాలి. మిగిలిన కొసను వేలాడనివ్వకుండా కత్తిరించేయాలి. వారానికోసారి బెల్టు కింద చర్మం చూడాలి. ఎర్రబడినా, వెంట్రుకలు రాలినా, పుండు పడినా తీసేయాలి. సెరెస్టోను పది వారాల లోపు పిల్లి పిల్లలకు కట్టకూడదు.

ఫ్లూమెత్రిన్ కూడా పర్మెత్రిన్ కుటుంబానిదే కదా అని మీకు అనుమానం రావచ్చు. నిజమే. కాకపోతే ఆ బెల్టులో దాన్ని చాలా తక్కువ మోతాదులో, నెమ్మదిగా వదిలేలా చేసి, పిల్లుల మీద పరీక్షించాకే అనుమతించారు. ఆ భరోసా అసలు సరుకుకే. అదే పేరుతో నకిలీ బెల్టులు కూడా తిరుగుతున్నాయి. అమెరికా కస్టమ్స్ వాళ్లు వాటిని పట్టుకున్నారు కూడా. ఆన్‌లైన్‌లో రెండు మూడు వందలకే దొరికే బెల్టు ప్యాకెట్ మీద మందు పేరు, అది ఎంత శాతం, ఎంత వయసు పిల్లికి అనేవి రాసి లేకపోతే కొనకండి. ‘హెర్బల్’ అని ఉంటే చాలు, భయం లేదనుకుంటారు. అదీ తప్పే. టీ ట్రీ లాంటి నూనెలు పిల్లులకు పడవు. మన ఇళ్లలో కొబ్బరినూనెలో కర్పూరం కలిపి పూస్తారు, పిల్లి పడుకునే చోట కలరా ఉండలు పెడతారు. రెండూ పిల్లికి ప్రమాదమే.

ఇక మీ బాబు సంగతి. నిజం చెప్పాలంటే మీ ఇంటి విషయంలో నేను బెల్టు వద్దనడానికి అసలు కారణం వాడే. మూడేళ్ల పిల్లలు పిల్లి మెడ పట్టుకుంటారు, అదే చెయ్యి నోట్లో పెట్టుకుంటారు. బెల్టు పనిచేయాలంటే మందు ఎప్పుడూ దాని పైన, పిల్లి ఒంటి మీద ఉండాల్సిందే. బెల్టు ఉన్న జంతువును, ముఖ్యంగా చిన్నపిల్లల పక్కలో, పడుకోనివ్వొద్దని సెరెస్టో సూచనల్లోనే ఉంటుంది. ప్రొపాక్సర్ బెల్టుల వల్ల చిన్నపిల్లల నరాల వ్యవస్థకు ముప్పు ఉందని ఈపీఏ తేల్చాక, 2014లో అక్కడి కంపెనీలు వాటిని మానుకోవడానికి ఒప్పుకున్నాయి. మీకు కట్టమన్న కుక్కల బెల్టు కిల్టిక్స్ లాంటిదైతే, అందులో ఉన్నదీ ఆ ప్రొపాక్సరే.

ముందు ఆ పురుగులు ఏమిటో చూద్దాం. తెల్ల టిష్యూను తడిపి నేల మీద పరిచి, దాని మీద పిల్లిని సన్నపళ్ల దువ్వెనతో దువ్వండి. నల్లటి నలుసులు రాలతాయి. ఒక నిమిషంలో ఆ నలుసుల చుట్టూ ఎర్రటి మరక పాకితే అది ఫ్లీ (వెంట్రుకల్లో ఉండి రక్తం పీల్చే చిన్న పురుగు) రెట్ట. అందులో ఉన్నది మీ పిల్లి రక్తమే. మీరు చెప్పిన పరుగును బట్టి ఇవి ఫ్లీలే అనిపిస్తోంది. పిడుదులు అయితే అలా పరుగెత్తవు, చర్మానికి కరుచుకుని ఉంటాయి. వాటిని చిమటాతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగాలి.

ఫ్లీలకు మీ పిల్లి విషయంలో నా సలహా, మెడ వెనక వేసే చుక్కల మందు. సెలామెక్టిన్ గానీ, పిల్లుల కోసమే వచ్చే ఫిప్రోనిల్ గానీ. పిల్లిని తూచి, డాక్టర్ చేత మోతాదు రాయించుకోండి. వెంట్రుకలు పాయ తీసి చర్మం మీద, నాలుక అందని చోట వేయాలి. ఆ రోజు బాబును దాని దగ్గరికి పోనివ్వకండి, రాత్రి వేరే గదిలో పడుకోబెట్టండి. ఇంట్లో కుందేలు ఉంటే ఫిప్రోనిల్ దాని దరిదాపుల్లో వాడకండి, కుందేళ్లకు అది ప్రాణాంతకం.

చుక్కలు ఒకసారి వేసి ఊరుకుంటే మళ్లీ వస్తాయి. పిల్లి మీద కనిపించే ఫ్లీలు మొత్తంలో కొద్ది భాగమే. గుడ్లు, పిల్ల పురుగులు, గూళ్లు అన్నీ పరుపులో, సోఫా సందుల్లో, మంచం కింద ఉంటాయి. గూటిలోని పురుగు నెలల తరబడి ఉండగలదు. అందుకే పిల్లి పడుకునే గుడ్డలు, బాబు దుప్పటి వారం వారం వేడినీళ్లలో ఉతకండి. మూలలన్నీ వాక్యూమ్ చేసి, ఆ చెత్తను వెంటనే బయట పారేయండి. కనీసం మూడు నెలలు మందు వదలకండి. ఇంట్లో ఎన్ని పిల్లులు, కుక్కలు ఉంటే అన్నింటికీ ఒకేసారి వేయాలి, దేనికి తగ్గది దానికి. నాకేటప్పుడు ఫ్లీని మింగితే పిల్లికి బద్దెపురుగు వస్తుంది. దాని మలద్వారం దగ్గర బియ్యపు గింజల్లాంటివి కనిపిస్తే బద్దెపురుగు మాత్ర కూడా డాక్టర్‌ను అడగండి.

ఒకవేళ ఎవరైనా కుక్కల మందు ఇప్పటికే వాడేసి ఉంటే ఇవి గమనించండి: చెవులు, మూతి అదరడం, చొంగ కారడం, తూలుతూ నడవడం, ఒళ్లంతా వణుకు, ఫిట్స్. కొన్ని గంటల్లోనే మొదలవ్వొచ్చు, ఒక్కోసారి మర్నాటికి. ఫిట్స్ లేకపోతే, గిన్నెలు తోమే లిక్విడ్ కొద్దిగా వేసి గోరువెచ్చని నీళ్లతో మందు పోయేలా కడిగి, తువాలుతో తుడిచి చుట్టండి. మరీ వేడి నీళ్లు వద్దు. పాలు, నూనె తాగించకండి, వాంతి చేయించకండి. ఫిట్స్ ఉంటే కడుగుతూ కూర్చోకుండా వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. మందు ప్యాకెట్ కూడా వెంట తీసుకెళ్తే చికిత్స త్వరగా మొదలవుతుంది. సమయానికి తెస్తే చాలా పిల్లులు రెండు మూడు రోజుల్లో కోలుకుంటాయి.

బాబు కాళ్ల మీద, ముఖ్యంగా చీలమండల దగ్గర, ఎర్రటి చిన్న దద్దుర్లు గుంపుగా ఉన్నాయేమో కూడా ఈ రోజే చూడండి. ఉంటే ఫ్లీలు వాడినీ కుడుతున్నట్టే. పిల్లల డాక్టర్‌కు చూపించి, ఇంట్లో పిల్లికి ఫ్లీలు ఉన్నాయని చెప్పండి.